ప్లాస్టిక్ బంతికి తగిన బ్యాటు చెక్క: టేబుల్ టెన్నిస్ బ్లేడు ఎంపిక – పామిడి వంటి మెట్టప్రాంతాల దృష్టితో వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

టేబుల్ టెన్నిస్ క్రీడలో 2014 జూలై నుండి సెల్యులాయిడ్ బంతికి బదులుగా ప్లాస్టిక్ బంతి అమలులోకి వచ్చింది. బంతి పరిమాణం, గట్టిదనం, ఉపరితల స్వభావం మారడంతో బ్యాటుకు ఆధారమైన చెక్కను, అంటే బ్లేడును, ఎన్నుకోవలసిన ప్రమాణాలు కూడా మారాయి. ప్లాస్టిక్ బంతి వేగం తగ్గింది కనుక అత్యంత వేగవంతమైన కార్బన్ బ్లేడు కొనాలన్న అభిప్రాయం క్రీడాకారులలో, తల్లిదండ్రులలో బలంగా ఉంది. ఆ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బంతిలో వచ్చిన మార్పుల చరిత్రను, వాటి భౌతిక ఫలితాలను, బ్లేడు నిర్మాణాన్ని, అనంతపురం జిల్లా పామిడి వంటి వేడి, పొడి ప్రాంతాలలో వాతావరణం చెక్కపైనా బంతిపైనా చూపే ప్రభావాన్ని వివరించి, ఆటతీరును బట్టి ఎంపిక ఎలా జరగాలో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టేబుల్ టెన్నిస్, ప్లాస్టిక్ బంతి, బ్లేడు, పొరలు, స్పిన్, కార్బన్, సమతుల్య తేమ, పామిడి.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి టేబుల్ టెన్నిస్ కొత్త క్రీడ కాదు. హైదరాబాదుకు చెందిన మీర్ ఖాసిం అలీ 1969లో అర్జున పురస్కారం అందుకున్నారు. తెలుగు మూలాలు గల కుటుంబంలో పుట్టి చెన్నైలో ఎదిగిన ఆచంట శరత్ కమల్ పదిసార్లు జాతీయ విజేతగా నిలిచారు. హైదరాబాదుకు చెందిన ఆకుల శ్రీజ 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో శరత్ కమల్‌తో కలిసి మిశ్రమ డబుల్స్ స్వర్ణం సాధించారు. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల సింగిల్స్‌లో చివరి పదహారు మందిలో ఒకరిగా నిలిచారు.

ఈ విజయాల వెనుక శిక్షకుల అనుభవం, మంచి సామగ్రి, పోటీ వాతావరణం ఉన్నాయి. మహానగరాలలోని శిక్షణ కేంద్రాలలో పిల్లవాడి ఆటతీరు చూసి ఏ చెక్క, ఏ రబ్బరు వాడాలో చెప్పే పెద్దలుంటారు. నాలుగైదు బ్యాట్లు చేతిలోకి తీసుకొని ఆడి చూసే అవకాశమూ ఉంటుంది. పెన్నా తీరాన, హైదరాబాదు–బెంగుళూరు రహదారిపై ఉన్న పామిడి వంటి పట్టణంలో ఆ సౌకర్యం దొరకడం కష్టం. ఇక్కడి విద్యార్థి సాధారణంగా ఒకే ఒక్కసారి డబ్బు కూడబెట్టి, దుకాణదారు మాటనో, చరవాణిలో కనిపించిన ప్రకటననో నమ్మి బ్యాటు కొంటాడు. వర్షంపై ఆధారపడిన వేరుశనగ సేద్యంతోనో, బట్టల కుట్టుపనితోనో సాగే కుటుంబానికి ఆ ఖర్చు చిన్నది కాదు. ఎంపిక తప్పితే డబ్బు పోవడంతోపాటు రెండు మూడేళ్ల అభ్యాసం కూడా వంకర దారి పడుతుంది. తగని బ్యాటుతో అలవడిన చేతి కదలికను తరువాత సరిదిద్దడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

అందువల్ల బ్లేడు ఎంపిక వెనుక ఉన్న కారణాలను తెలుగులో స్పష్టంగా చెప్పుకోవలసిన అవసరం ఉంది. ఈ వ్యాసంలో రబ్బరు అతికించని చెక్క భాగాన్ని 'బ్లేడు' అని, రబ్బర్లతో కూడిన పూర్తి పరికరాన్ని 'బ్యాటు' అని వ్యవహరించడం జరిగింది.

2. బంతి, బ్యాటు – మార్పుల క్రమం:

2.1 బ్యాటు ఆటను మార్చిన సందర్భం:

1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలలో జపాన్ ఆటగాడు హిరోజీ సాటో మందమైన స్పాంజి అతికించిన బ్యాటుతో పురుషుల సింగిల్స్ గెలుచుకున్నాడు. అంతవరకు బొడిపెల రబ్బరు బ్యాట్ల 'టక్ టక్' శబ్దాన్ని విని బంతి వేగాన్ని అంచనా వేసుకొనే ప్రత్యర్థులకు ఆ నిశ్శబ్దమైన బ్యాటు అర్థం కాలేదు. ఆ తరువాత 1959లో అంతర్జాతీయ సమాఖ్య బ్యాటుపై వాడే పొరల మందానికి పరిమితి విధించింది. నేటికీ స్పాంజితో కూడిన రబ్బరు మందం జిగురుతో సహా 4 మిల్లీమీటర్లు దాటరాదు. పరికరం ఆటను మార్చడం, నియమం ఆ పరికరాన్ని అదుపు చేయడం ఈ క్రీడలో అప్పటి నుండీ కనిపించే క్రమం.

2.2 బంతి బ్యాటును మార్చిన సందర్భాలు:

2000 సంవత్సరం నుండి ఈ క్రమం తిరగబడింది. సిడ్నీ ఒలింపిక్స్ ముగిసిన వెంటనే బంతి వ్యాసం 38 మి.మీ. నుండి 40 మి.మీ.కు, బరువు 2.5 గ్రాముల నుండి 2.7 గ్రాములకు పెరిగింది. వేగాన్ని కొంత తగ్గించి, ప్రేక్షకులకు బంతి బాగా కనిపించేలా చేయడం దాని లక్ష్యం. 2008 బీజింగ్ ఒలింపిక్స్ తరువాత ఆవిరయ్యే రసాయనాలున్న 'స్పీడ్ గ్లూ'ను నిషేధించారు. దానితో రబ్బరుకు కృత్రిమంగా వచ్చే సాగుడు, వేగం పోయాయి. మూడవ మార్పు 2014లో వచ్చిన ప్లాస్టిక్ బంతి.

సెల్యులాయిడ్ నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిసిన పదార్థం. అది సులభంగా అంటుకొని మండుతుంది కనుక తయారీలోనూ రవాణాలోనూ ప్రమాదాలకు, ఆంక్షలకు కారణమైంది. దాని స్థానంలో మొదట సెల్యులోజ్ ఎసిటేట్ జాతి ప్లాస్టిక్‌తో, తరువాత ఏ.బి.ఎస్. ప్లాస్టిక్‌తో బంతులు చేశారు. వీటిపై '40+' అని ముద్రిస్తారు. ఈ '+' గుర్తు అలంకారం కాదు. పాత బంతి వ్యాసానికి 39.5 నుండి 40.5 మి.మీ. వరకు అనుమతి ఉండగా, కొత్త బంతి 40.0 మి.మీ. కంటే తగ్గరాదు, 40.6 మి.మీ. దాటరాదు. బరువు మాత్రం మారలేదు.

ఈ మార్పులన్నింటినీ ఒకే ఆటగాడి జీవితంలో చూడవచ్చు. 1982లో పుట్టిన శరత్ కమల్ 38 మి.మీ. సెల్యులాయిడ్ బంతితో ఆట నేర్చిన తరానికి చెందినవారు. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల సింగిల్స్ స్వర్ణాన్ని 40 మి.మీ. సెల్యులాయిడ్ బంతితో, స్పీడ్ గ్లూ కాలంలో గెలిచారు. పదహారేళ్ల తరువాత, నలభై ఏళ్ల వయసులో, 2022 సింగిల్స్ స్వర్ణాన్ని ప్లాస్టిక్ బంతితో గెలిచారు. బంతి మారిన ప్రతిసారీ సామగ్రినీ, చేతి కదలికనూ కలిపి సవరించుకున్నవారే ఇంతకాలం నిలువగలరు.

3. ప్లాస్టిక్ బంతి – భౌతిక ఫలితాలు:

బంతి మార్పును మూడు కోణాలలో చూడాలి: గాలి నిరోధం, స్పిన్, బ్యాటును తాకినప్పటి స్పర్శ.

3.1 గాలి నిరోధం:

గాలి నిరోధం బంతి అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వైశాల్యం వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. పాత బంతి 39.7 మి.మీ., కొత్త బంతి 40.2 మి.మీ. అనుకుంటే వైశాల్యం దాదాపు 2.5 శాతం పెరిగినట్లు. బరువు అంతే ఉంది కనుక అదే వేగంతో కొట్టిన బంతి గాలిలో అంత మేరకు త్వరగా మందగిస్తుంది. ఇది ఉన్న మార్పే, కాని పెద్ద మార్పు కాదు.

3.2 స్పిన్:

బోలు గోళాన్ని తిప్పడానికి కావలసిన శ్రమను దాని జడత్వ భ్రామకం నిర్ణయిస్తుంది. అది బరువు, వ్యాసార్ధపు వర్గం – ఈ రెండింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. 38 మి.మీ. బంతి నుండి 40 మి.మీ. బంతికి మారినప్పుడు ఇది సుమారు 20 శాతం పెరిగింది. ప్లాస్టిక్ బంతితో మరో 2.5 శాతం చేరింది. అంటే అదే చేతి విసురుతో బంతికి ఎక్కే స్పిన్ తగ్గుతుంది. దీనికి ఉపరితల స్వభావం తోడైంది. కొత్త ప్లాస్టిక్ బంతిపై ఉండే పొడివంటి గరుకుదనం కొద్ది ఆటలకే అరిగి, నున్నని ఉపరితలం మిగులుతుంది. అప్పుడు రబ్బరు బంతిని పట్టుకొనే శక్తి ఇంకా తగ్గుతుంది.

3.3 స్పర్శ:

ఏ.బి.ఎస్. బంతి గోడ గట్టిది. బ్యాటును తాకినప్పుడు శబ్దం కఠినంగా ఉంటుంది, బల్లపై పడి లేచే తీరు కొంత నిటారుగా ఉంటుందని ఆటగాళ్లు సాధారణంగా చెబుతారు. బ్యాటుకూ బంతికీ మధ్య స్పర్శ వెయ్యో వంతు సెకను ప్రాంతంలో ముగిసిపోతుంది. ఆ స్వల్పకాలంలో బంతి రబ్బరులోకి దిగి, చెక్క దాకా తన బరువును మోపి, తిరిగి లేచిపోవాలి. బంతి గట్టిదైనప్పుడు ఈ 'పట్టి వదిలే' పనిలో ఎక్కువ వాటా బ్యాటుదే అవుతుంది.

కాబట్టి ప్లాస్టిక్ బంతి వల్ల జరిగిన ప్రధాన నష్టం వేగంలో కాదు, స్పిన్‌లో. బ్లేడు ఎంపికలో మొదటి ప్రశ్న 'ఇది ఎంత వేగం ఇస్తుంది?' అని కాక, 'ఇది బంతిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది?' అని ఉండాలి.

4. బ్లేడు నిర్మాణం:

4.1 నియమం చెప్పేది:

బ్యాటు ఏ పరిమాణంలోనైనా, ఏ ఆకారంలోనైనా, ఎంత బరువైనా ఉండవచ్చునని నియమం అనుమతిస్తుంది. అయితే చెక్క చదునుగా, గట్టిగా ఉండాలి. దాని మందంలో కనీసం 85 శాతం సహజమైన కలప ఉండాలి. జిగురు పొరలో కార్బన్, గాజు నార వంటివి కలపవచ్చు గాని అటువంటి ఒక్కో పొర మొత్తం మందంలో 7.5 శాతాన్నీ, 0.35 మి.మీ.నీ – ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని – మించరాదు. దుకాణంలో 'కార్బన్ బ్యాటు' పేరుతో అమ్మేది కూడా ప్రధానంగా కలపే. 6 మి.మీ. మందమున్న బ్లేడులో 5.1 మి.మీ. కలప ఉండి తీరాలి.

4.2 కలప జాతులు:

పనికి తగిన కర్రను ఎన్నుకోవడం తెలుగు చేతివృత్తులకు కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మకు తేలికైన పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు, బొబ్బిలి వీణకు పనస వాడతారు. బొమ్మకు పనికివచ్చే మెత్తని కర్ర బండి ఇరుసుకు పనికిరాదు. బ్లేడు తయారీదారులూ ఇదే వివేకాన్ని ఒకే పలకలో పొరలుపొరలుగా చూపుతారు.

సాధారణంగా మధ్యన తేలికైన, మందమైన పొర ఉంటుంది. దీనికి ఆఫ్రికాకు చెందిన అయూస్, తూర్పు ఆసియాకు చెందిన కిరి కలపలను ఎక్కువగా వాడతారు. రబ్బరు అతికే పైపొరకు లింబా, కోటో వంటివి వాడతారు. లింబా కొంత మెత్తన, కోటో గట్టిది. లింబా పైపొర ఉన్న బ్లేడు బంతిని కొద్దిగా ఎక్కువసేపు పట్టి ఉంచినట్లు అనిపిస్తే, కోటో పైపొర ఉన్నది బంతిని చురుగ్గా వదిలేస్తుంది. జపాన్ హినోకి కలపకు మెత్తని స్పర్శ, లోతైన శబ్దం ఉంటాయి. ఒకే మందమైన హినోకి పలకతో చేసిన బ్లేడ్లను పెన్‌హోల్డ్ పట్టుతో ఆడే ఆసియా ఆటగాళ్లు చాలాకాలం వాడారు.

4.3 పొరల సంఖ్య, మందం:

అయిదు పొరల కలప బ్లేడ్లు సాధారణంగా 5.5 నుండి 6 మి.మీ. మందం కలిగి వంగే గుణాన్ని చూపుతాయి. ఏడు పొరలవి 6 నుండి 6.8 మి.మీ. ప్రాంతంలో ఉండి, ఎక్కువ దిట్టంగా, నేరుగా కొట్టే ఆటకు అనుకూలంగా ఉంటాయి. మందంలో కనిపించే ఈ చిన్న తేడాను తేలికగా తీసుకోరాదు. ఒకే రకం పలక బిగువు దాని మందపు ఘనానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. 5.5 మి.మీ. నుండి 6 మి.మీ.కు పెరిగితే మందం 9 శాతమే పెరిగింది గాని బిగువు దాదాపు 30 శాతం పెరుగుతుంది. కొనేటప్పుడు పేరు కంటే మందాన్ని ముందు అడగాలనడానికి కారణం ఇదే.

4.4 నార పొర స్థానం:

కార్బన్ పొర నిజానికి ఒక నేత. బట్టల వ్యాపారానికి పేరుపొందిన పామిడి పాఠకులకు పడుగు, పేక అంటే వివరించనక్కరలేదు. ఈ బ్లేడ్లలో వాడే నేతలో కార్బన్ పోగులు బిగువునిస్తే, వాటితో కలిపి నేసే ఆరిలేట్ పోగులు అదురును పీల్చుకుంటాయి. ఈ మిశ్రమ నేతనే 'ఏ.ఎల్.సి.' అని పిలుస్తారు.

ఆ నేతను ఎక్కడ ఉంచారన్నది ముఖ్యం. పలక వంగినప్పుడు మధ్యభాగం కంటే అంచుభాగం ఎక్కువగా సాగుతుంది, నొక్కుకుంటుంది. అందుచేత బిగువైన నేత పైపొర కిందనే ఉంటే బ్లేడు మొత్తం బిగుసుకుంటుంది. మధ్య పొరను ఆనుకొని లోపల ఉంటే మెల్లని దెబ్బకు కలపలా వంగి, బలమైన దెబ్బకు మాత్రమే నేత బలం తెలుస్తుంది. బటర్‌ఫ్లై సంస్థ వారి విస్కారియా మొదటి రకానికి, ఇన్నర్‌ఫోర్స్ వరుస రెండవ రకానికి ప్రసిద్ధ ఉదాహరణలు. మొత్తం కలపతోనే చేసిన ఏడు పొరల బ్లేడ్లలో స్టిగా వారి క్లిప్పర్ వుడ్ చిరకాలంగా పేరున్నది.

5. మెట్టప్రాంత వాతావరణ ప్రభావం:

5.1 వేడి గాలి:

అనంతపురం జిల్లా వర్షచ్ఛాయా ప్రాంతం. సాలుసరి వర్షపాతం సుమారు 550 మి.మీ. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. శీతలీకరణ లేని పాఠశాల గదిలోనో, రేకుల షెడ్డులోనో ఆడే ఆటను ఈ వేడి ఎలా ప్రభావితం చేస్తుంది?

గాలి వేడెక్కితే పలుచబడుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 5 శాతం తక్కువ. ప్లాస్టిక్ బంతి పెద్దదవడం వల్ల పెరిగిన నిరోధం 2.5 శాతం ప్రాంతంలో ఉందని పైన చూశాం. అంటే వేసవి మధ్యాహ్నం పామిడిలో ఆడే ప్లాస్టిక్ బంతికి, చల్లని మందిరంలో ఆడిన పాత సెల్యులాయిడ్ బంతి కంటే గాలి నిరోధం తక్కువ. వేగం పోయిందన్న ఫిర్యాదుకు ఇక్కడి వేసవిలో గాలి పరంగా ఆధారం లేదు.

అయితే పలుచని గాలి మరొక పని కూడా చేస్తుంది. టాప్‌స్పిన్ కొట్టిన బంతి వంపు తిరిగి బల్లపై దిగడానికి కారణం తిరిగే బంతికీ గాలికీ మధ్య ఏర్పడే బలం. దానిని మాగ్నస్ ప్రభావం అంటారు. గాలి పలుచబడితే ఆ బలమూ తగ్గుతుంది. బంతి నేరుగా పోయి బల్ల దాటి పడే ప్రమాదం పెరుగుతుంది. ప్లాస్టిక్ బంతి వల్ల స్పిన్ తగ్గడం, వేడి గాలి వల్ల వంపు తగ్గడం – ఈ రెండు నష్టాలూ ఒకే దిశలో పనిచేస్తున్నాయి. ఇటువంటి చోట బంతిని ఇంకా చురుగ్గా వదిలే బ్లేడు కొనడం ఉన్న ఇబ్బందిని పెంచుకోవడమే. బంతిని పట్టి, స్పిన్ ఎక్కించే అవకాశమిచ్చే బ్లేడు ఈ ప్రాంతానికి మరింత అవసరం.

5.2 పొడి గాలి:

కలప చుట్టూ ఉన్న గాలి తేమను బట్టి నీటిని పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో సాపేక్ష తేమ 30 శాతమున్నప్పుడు కలపలో తేమ సుమారు 6 శాతం దగ్గర, 80 శాతమున్నప్పుడు సుమారు 16 శాతం దగ్గర స్థిరపడుతుంది. దీనినే సమతుల్య తేమ అంటారు. ఈ లెక్క ప్రకారం మధ్యస్థమైన తేమలో 88 గ్రాములు తూగే బ్లేడు, పూత లేకుండా చాలాకాలం ఉంచితే, మెట్టప్రాంతపు వేసవిలో 83 గ్రాముల దగ్గరకు, కోస్తా వర్షాకాలంలో 91 గ్రాముల దగ్గరకు మారగలదు. రబ్బర్లు, జిగురు ఈ మార్పును నెమ్మదింపజేస్తాయి గాని పూర్తిగా ఆపలేవు.

ఎండిన కలప తేలికై, కొంత బిగుసుకొని, శబ్దంలోనూ స్పర్శలోనూ కరకుదనం చూపుతుంది. అనంతపురంలో వేసవి సాధన చేసిన విద్యార్థి మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో పోటీకి వెళ్లినప్పుడు బ్యాటు మొద్దుబారినట్లు అనిపిస్తే అది కేవలం భ్రమ కాదు. ఒకటి రెండు రోజులు ముందుగా చేరి అక్కడి గాలిలో సాధన చేయడం ఇందుకు తగిన ఉపాయం.

6. ఆటతీరును బట్టి ఎంపిక:

6.1 నేర్చుకొనే దశ:

మొదటి రెండు మూడేళ్లకు అయిదు పొరల కలప బ్లేడు, 'ఆల్‌రౌండ్' లేదా 'ఆల్‌రౌండ్ ప్లస్' తరగతికి చెందినది, అన్ని విధాలా తగినది. పైపొర లింబా వంటి మెత్తని కలపైతే మేలు. బరువు 80 నుండి 85 గ్రాముల మధ్య ఉండాలి. రెండు వైపులా రబ్బర్లు అతికించాక ఒక్కొక్కటి సుమారు 45 గ్రాములు చేరుతుంది కనుక పిల్లల మణికట్టుకు అంతకుమించిన భారం తగదు. ఈ దశలో బంతికి వేగం చేతి కదలిక నుండి రావాలి. చెక్కే వేగమిస్తే పిల్లవాడు బంతిని కేవలం అడ్డుకోవడం నేర్చుకుంటాడు, పూర్తిగా చేయి తిప్పి కొట్టడానికి జంకుతాడు. ప్లాస్టిక్ బంతికి స్పిన్ ఎక్కాలంటే ఆ పూర్తి కదలికే కావాలి.

6.2 టాప్‌స్పిన్ ఆట:

కదలిక స్థిరపడి, బల్లకు దగ్గరగానూ మధ్య దూరంలోనూ టాప్‌స్పిన్‌తో ఆడేవారు 'అఫెన్సివ్' తరగతి అయిదు పొరల కలప బ్లేడుకు మారవచ్చు. మరింత శక్తి అవసరమైతే లోపలి వైపు నార ఉన్న బ్లేడు తరువాతి మెట్టు. మెల్లని సర్వీసు, చిన్న స్పర్శ బంతులలో అది కలపలాగే ప్రవర్తిస్తుంది.

6.3 బల్ల దగ్గర నిలిచి నేరుగా కొట్టే ఆట:

బంతిని లేచీ లేవకముందే కొట్టేవారికి, బ్లాక్ ఆధారంగా ఆడేవారికి, పొట్టి బొడిపెల రబ్బరు వాడేవారికి ఏడు పొరల కలప బ్లేడు సరిపోతుంది. ప్లాస్టిక్ బంతిపై ప్రత్యర్థి స్పిన్ కూడా తగ్గింది కనుక వీరికి బిగువైన చెక్కతో అదుపు పూర్వం కంటే సులభమైంది. బిగువైన బ్లేడు పక్షాన చెప్పదగిన న్యాయమైన వాదం ఇదే. అది ఈ ఆటతీరుకు వర్తిస్తుంది, అందరికీ కాదు.

6.4 రక్షణాత్మక ఆట:

బల్లకు దూరంగా నిలిచి చాప్ చేసేవారిని ప్లాస్టిక్ బంతి ఎక్కువగా దెబ్బతీసింది. కోతలో స్పిన్ తగ్గడంతో కేవలం రక్షణతో పాయింటు గెలవడం కష్టమైంది. అతి నెమ్మది బ్లేడుకు బదులు, అవకాశం దొరికినప్పుడు ఎదురుదాడి చేయగల మధ్యరకం వేగం, కొంత పెద్ద పలక ఉన్న బ్లేడు వీరికి ఉచితం.

6.5 పైపొర కింద నార ఉన్న బ్లేడు:

ప్రపంచస్థాయి ఆటగాళ్లలో చాలామంది ఇదే వాడుతున్నారన్న వాదం తరచు వినిపిస్తుంది. వారు రోజుకు గంటల తరబడి సాధన చేసి, స్పిన్‌కు కావలసిన వేగాన్ని తమ భుజం, నడుము, మణికట్టుల నుండి తెచ్చుకొంటారు. గట్టి రబ్బరును లోతుగా నొక్కగల బలం వారికుంది. వారికి చెక్క నుండి కావలసింది బల్లకు దూరం జరిగినప్పుడు లభించే అదనపు శక్తి మాత్రమే. ఆ బలం లేని విద్యార్థి చేతిలో అదే బ్లేడు బంతిని రబ్బరులోకి దిగనీయకుండానే వదిలేస్తుంది. ధర పలు రెట్లు ఎక్కువ, ప్రయోజనం తక్కువ.

7. కొనుగోలు, పరీక్ష, సంరక్షణ:

ఒకటి: రబ్బర్లు ముందే అతికించి తక్కువ ధరకు అమ్మే బ్యాట్లలో చాలావాటికి రబ్బరు నాణ్యత అంతంతమాత్రం. స్పిన్ తగ్గిన బంతితో అవి ఇంకా నిష్ప్రయోజకమవుతాయి. మధ్యస్థ ధర బ్లేడును, రెండు సాధారణ రబ్బర్లను విడిగా కొని అతికించుకోవడం మేలు. రబ్బరు కొన్ని నెలలకే అరుగుతుంది, చెక్క ఏళ్లు నిలుస్తుంది.

రెండు: తపాలాలో తెప్పించుకునేవారు బ్లేడు బరువును, మందాన్ని ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఒకే పేరున్న రెండు బ్లేడ్ల మధ్య అయిదారు గ్రాముల తేడా ఉండవచ్చు. వచ్చిన తరువాత నగల దుకాణపు కాటాపై తూచి చూసుకోవచ్చు.

మూడు: రెండు బ్లేడ్లను పోల్చదలిస్తే పిడిని వదులుగా పట్టుకొని పలక నడుమ బంతితో తట్టాలి. పరిమాణం, బరువు దగ్గరగా ఉన్నవాటిలో శబ్దం కీచుగా ఉన్నది ఎక్కువ బిగువైనది. చెవికి తేడా అందకపోతే శబ్దపు పౌనఃపున్యాన్ని కొలిచే చరవాణి సాధనాలు ఉపయోగపడతాయి.

నాలుగు: ఆడి చూసే అవకాశముంటే రెండు బ్లేడ్లకూ ఒకే రకం రబ్బరు, ఒకే రకం బంతి ఉండాలి. ఇరవై టాప్‌స్పిన్‌లు, ఇరవై బ్లాకులు, ఇరవై సర్వీసులు వేసి బల్లపై పడినవాటిని లెక్కించాలి. గొప్పగా తగిలిన ఒక్క దెబ్బ కంటే ఈ లెక్క నమ్మదగినది. నిత్యం సాధనకు వాడే బంతితోనే ఈ పరీక్ష చేయాలి.

అయిదు: బ్లేడును, రబ్బరును ఒకేసారి మార్చరాదు. మార్పు దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది.

ఆరు: స్పీడ్ గ్లూ నిషేధం తరువాత నీటి ఆధారిత జిగురు వాడుకలోకి వచ్చింది. రబ్బరు ఊడదీసేటప్పుడు ఎండిన పైపొర నారలు పెచ్చులుగా లేచే అవకాశముంది. మొదటిసారి అతికించే ముందు పలుచని వార్నిష్ ఒక పూత పూయడం, పలకకు అడ్డంగా కాక నార వెంబడి మెల్లగా లాగడం అవసరం. పూత తేమ రాకపోకలను కూడా కొంత తగ్గిస్తుంది.

ఏడు: బ్యాటును ద్విచక్రవాహనపు పెట్టెలో, ఎండలో నిలిపిన కారులో, రేకుల కప్పు కింద వదలరాదు. వేడికి పలక వంగవచ్చు, రబ్బరు గిడసబారుతుంది. మూత ఉన్న సంచిలో, ఇంటిలోని చల్లని గోడ పక్కన ఉంచాలి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• ప్లాస్టిక్ బంతి తెచ్చిన ప్రధాన మార్పు స్పిన్ తగ్గడం. వేగంలో వచ్చిన తగ్గుదల దానితో పోలిస్తే స్వల్పం.

• బ్లేడు స్వభావాన్ని దాని మందం, పైపొర కలప, నార పొర స్థానం నిర్ణయిస్తాయి. 'కార్బన్' అన్న ఒక్క మాట ఆధారంగా నిర్ణయం తీసుకోవడం తగదు.

• పామిడి వంటి వేడి ప్రాంతాలలో పలుచని గాలి బంతి వేగానికి తోడ్పడుతుంది, వంపును తగ్గిస్తుంది. కాబట్టి ఇక్కడ బంతిని పట్టి ఉంచే కలప బ్లేడుకు ప్రాధాన్యం మరింత ఎక్కువ.

• పొడి వాతావరణంలో చెక్క బరువు, స్పర్శ మారుతాయి. పూత పూయడం, నీడలో భద్రపరచడం, పోటీ స్థలానికి ముందుగా చేరడం వల్ల ఈ ఇబ్బంది తగ్గుతుంది.

• నేర్చుకొనే విద్యార్థికి అయిదు పొరల, 80–85 గ్రాముల ఆల్‌రౌండ్ కలప బ్లేడు చాలు. అది ఖరీదైన కార్బన్ బ్లేడు కంటే చవకగా దొరుకుతుంది, ఆటను సక్రమంగా నేర్పుతుంది.

వసతులు అందుబాటులోకి వస్తే ఈ మెట్టప్రాంతపు పిల్లలు ఏ క్రీడలోనైనా రాణిస్తారని అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ నడిపే క్రీడాకేంద్రం అనుభవం చూపుతోంది. టేబుల్ టెన్నిస్‌కు కావలసిన స్థలం తక్కువ, నీడపట్టున ఏ కాలంలోనైనా ఆడవచ్చు. పాఠశాలలు బల్లలతోపాటు బ్యాట్లు కొనేటప్పుడు వ్యాయామోపాధ్యాయులు పై ప్రమాణాలను పాటిస్తే, ఒక్క ఖరీదైన బ్యాటుకు పెట్టే మొత్తంతో పలువురు విద్యార్థులకు తగిన బ్యాట్లు అందించవచ్చు.